సోమిదేవమ్మకు నోటీసు

సోమిదేవమ్మ కథలో మనిషి. ఆవిడకి ఒళ్ళూ లేదు, ఊపిరీ లేదు, ఇంటి నంబరు అంతకన్నా లేదు. అయినా ఒక ఊరి మహిళా డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ వైకుంఠరావు గారు మార్చి పదమూడో తారీకున ఆవిడకి నోటీసు జారీ చేశారు. ఏడు రోజుల్లోగా తన నడవడిక గురించి సంజాయిషీ ఇచ్చుకోకపోతే ఏకపక్షంగా నిర్ణయం తీసుకోబడునని అందులో ఉంది.

ఇదంతా ఒక ఆడపిల్ల ఉన్న మాట ఉన్నట్టు రాసినందువల్ల వచ్చింది.

ఆ కాలేజీలో తెలుగు చెప్పే సుభాషిణి ఇరవయ్యేడేళ్ళుగా ఆఖరి సంవత్సరం పిల్లలకి "పెద్దింటి మజ్జిగ" అనే కథ చెబుతోంది. రాసినాయన పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. కథ పెద్దదేమీ కాదు. ఎండన పడి ఒక దూరపు చుట్టం పెద్దింటికి వస్తాడు, సాయంత్రం దాకా ఉంటాడు, వెళ్ళిపోతాడు. ఆ ఇంట్లో మంచివాళ్ళన్నవాళ్ళు లేరు. ఇల్లాలు సోమిదేవమ్మ పిసినారి. ఆవిడ మొగుడు ప్లీడరు గుమస్తా, అబద్ధాలకోరు. ఆ వచ్చిన చుట్టమైనా మంచివాడా అంటే, వాడు వెళ్తూ వెళ్తూ చూరులో గుచ్చిన విసనకర్ర పట్టుకుపోతాడు. ఇలాంటి వాళ్ళు పక్కవాటాలో దిగితే సుభాషిణి ఆ నెలే ఇల్లు మారిపోతుంది. కాని ఆ వాక్యాలు! ఏటా ఆ పాఠం వచ్చే వారం ఆమె మంచి చీర కట్టుకుని వెళ్ళేది.

"ఆవిడ పోసిన మజ్జిగలోంచి, గ్లాసు అడుగున చెక్కిన మామగారి పేరు ఇంటిపేరుతో సహా చదువుకోవచ్చు."

ఈ వాక్యం చదివి ఆమె ఆగేది. మొదటి బెంచీలో ఒకరు నవ్వేవారు. ఆ నవ్వు వెనక బెంచీకి చేరేసరికి గంట కొట్టేవారు. ఇరవయ్యేడేళ్ళూ అంతే.

ఈ ఏడు కాలేజీకి నాణ్యతా మదింపు బృందం వస్తుందన్నారు. దాంతో ప్రతి పాఠం మీదా పిల్లల చేత అభిప్రాయ పత్రాలు నింపించారు. పత్రంలో వచనానికి ఐదు మార్కులు, పాత్రలకి ఐదు. పేరు రాయనక్కరలేదు, రోల్ నంబరు రాస్తే చాలునని పైన అచ్చు వేశారు. అరవై ఒక్క మంది రాశారు. పెద్దింటి మజ్జిగకి వచనంలో నాలుగు పాయింట్ తొమ్మిది వచ్చింది, పాత్రల్లో ఒకటి పాయింట్ రెండు.

కింద ఖాళీలో గౌరీశ్వరి అనే పిల్ల ఇలా రాసింది: "వాక్యాలు చాలా బాగున్నాయి. మూడుసార్లు చదివాను. మనుషులు మాత్రం ఒక్కరూ నచ్చలేదు. ఆ ఇంట్లో నేనైతే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను."

సుభాషిణి ఆ కాగితం చదివి రెండు చపాతీలు ఎక్కువ తింది. ఇన్నేళ్ళకి ఒక పిల్ల కథని కథలా చదివింది. రచయిత కోరుకున్నది సరిగ్గా అదే గదా!

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలోకి పిలుపొచ్చింది. గదిలో వైకుంఠరావు గారితోపాటు నాణ్యతా విభాగం సమన్వయకర్త భానోజీరావు ఉన్నాడు. ఆయన చెప్పేది స్టాటిస్టిక్స్. మనుషుల్ని పలకరించేటప్పుడు కూడా ఎడమ నుంచి కుడికి చూసి మొత్తం వేసుకుంటాడు.

"సుభాషిణి గారూ, పరిస్థితి ఆందోళనకరంగా ఉన్నది" అన్నారు వైకుంఠరావు గారు. "పాత్రల విషయంలో విద్యార్థినులు తీవ్ర అసంతృప్తిని వ్యక్తపరచియున్నారు."

"కథ అలాంటిది సార్. ఆ మనుషులు నచ్చకూడదనే రాశాడాయన."

"నచ్చకూడదని తెలిసి కూడా వారిని మన ప్రాంగణంలో కొనసాగనిస్తున్నామా?"

భానోజీరావు ఒక పట్టిక ముందుకి తోశాడు. "కనీస ప్రమాణం మూడున్నర మేడమ్. దాని కిందకి ఏది పడినా తీసుకున్న చర్యల నివేదిక పెట్టాలి. ఏం చర్య తీసుకున్నారో రాయండి."

"ఎవరి మీద?"

"పాత్రల మీద."

ఆమెకి నవ్వొచ్చింది. గదిలో ఇంకెవరికీ రాలేదని చూసి మానేసింది.

"పోనీ పాఠం తీసేస్తే?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"తియ్యకూడదు సార్" అన్నాడు భానోజీరావు వెంటనే. "వచనంలో నాలుగు పాయింట్ తొమ్మిది. కాలేజీ మొత్తం మీద ఇంత స్కోరు దేనికీ లేదు, వాటర్ కూలర్‌కి కూడా లేదు. వచనంలో ఒక్క అక్షరం కదపకూడదు. మనుషుల్ని బాగుచెయ్యాలి, అంతే."

"వాక్యాలు కదపకుండా మనుషుల్ని ఎలా బాగుచేస్తారండీ? వాళ్ళు ఉన్నది ఆ వాక్యాల్లోనే కదా!"

వైకుంఠరావు గారు కళ్ళద్దాలు తీసి ఆమె వంక జాలిగా చూశారు. "మేడమ్, ఇది మీరు సాహిత్య కోణంలో చూస్తున్నారు. పరిపాలనా కోణం వేరు. ఆరోపణ వచ్చినప్పుడు అవతలివారికి తమ వాదన వినిపించుకునే అవకాశం కల్పించాలి. అది సహజ న్యాయ సూత్రం."

అలా కథలో ముగ్గురికీ నోటీసులు తయారయ్యాయి. చిరునామా దగ్గర కొంత చర్చ జరిగింది. రచయిత పోయాడు కాబట్టి పాత్రల సంరక్షణ బాధ్యత తెలుగు శాఖదేనని తేల్చారు. మధ్యాహ్నానికి అటెండరు అప్పలనర్సమ్మ నోటీసులూ, సంతకాల పుస్తకమూ పట్టుకుని స్టాఫ్ రూములోకి వచ్చింది.

"సోమిదేవమ్మంటే ఎవులమ్మా? కెమిస్ట్రీకి కొత్తగా వచ్చినావిడా?"

"ఇటివ్వు, నేను తీసుకుంటాను" అంది సుభాషిణి.

"మీరెలగ తీసుకుంటారమ్మా? ఆవిడి సేతికే ఇయ్యమన్నారు. ఇంతకీ ఏటి సేసిందేటి?"

"ఇంటికొచ్చిన చుట్టానికి పలచని మజ్జిగ పోసింది."

అప్పలనర్సమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఓలమ్మ! దానికి నోటీసేటి? అలగైతే మా యత్తకి యావజ్జీవం ఎయ్యాల. ఆయమ్మ మజ్జిగ కుండ కడిగిన నీళ్ళు పోసీసి, సలవ సేస్తాది తాగే అనీది."

సుభాషిణి 'సోమిదేవమ్మ తరఫున' అని రాసి సంతకం పెట్టింది. మొగుడి నోటీసుకీ, చుట్టం నోటీసుకీ కూడా పెట్టింది. చుట్టం నోటీసులో ప్రభుత్వ ఆస్తి కాని విసనకర్రను అపహరించినందున అని ఉంది.

ఏడు రోజులు గడిచాయి. పాత్రలు సంజాయిషీ ఇవ్వలేదు. ఆ మౌనాన్ని నేరాంగీకారంగా పరిగణించడమైనది.

ఈలోగా ఇంకో సర్క్యులర్ వెళ్ళింది. "పాత్రల ప్రస్తుత స్థితిగతులపై సంబంధిత విభాగాలన్నియు తక్షణమే నివేదిక పంపవలెను" అని. తెలుగు శాఖ తప్ప ఇంకే శాఖకీ పాత్రలు లేవు గనక ఎవరూ జవాబివ్వరని సుభాషిణి అనుకుంది. హాస్టల్ వార్డెన్ మాత్రం మూడో రోజుకే వివరంగా పంపింది. గుండిగలు ఆరు, అందులో రెండింటికి చిల్లులు. గరిటెలు పద్దెనిమిది, కొన్ని వంకర. బేసిన్లు బాగున్నాయి. ఇడ్లీ పాత్ర మూత మారిస్తే చాలు. తోమించి ఎండబెట్టించాను, ఎప్పుడైనా తనిఖీ చేసుకోవచ్చు. మొత్తం మీద పాత్రలకి ఐదుకి మూడు పాయింట్ ఎనిమిది వేస్తున్నాను.

"ఇది వంట పాత్రల సంగతండీ" అంది సుభాషిణి, ఆ కాగితం చూపిస్తూ.

భానోజీరావు అప్పటికే సగటు వేసేశాడు. "ఒకటి పాయింట్ రెండు, మూడు పాయింట్ ఎనిమిది. సగటు రెండున్నర. చూశారా, ఒక్క వారంలో రెండింతలు దాటింది."

"గుండిగనీ సోమిదేవమ్మనీ కలిపి సగటు ఏమిటి?"

"మేడమ్, పత్రంలో శీర్షిక 'పాత్రలు' అనే ఉంది. ఏ పాత్రలో చెప్పలేదు. అస్పష్టత ఉన్నప్పుడు దాని లాభం సంస్థకి చెందుతుంది."

ఇంకా ఒక పాయింటు తక్కువ పడింది. దానికి ఉపాయం వైకుంఠరావు గారే చెప్పారు. వాక్యం కదపవద్దు, పుట కింద గీత గీసి అధోజ్ఞాపిక, అంటే ఫుట్‌నోటు, పెడదాం. అందులో ఆ పాత్ర అసలు ఉద్దేశం ఎంత మంచిదో వివరిద్దాం. పనికి ఒక సంఘం వేశారు. రాసే బాధ్యత సుభాషిణిది.

"నేను రాయను సార్" అందామె.

"రాయకపోతే ఇబ్బంది లేదు. పాఠాన్ని 'సంస్కరణకు లొంగనిది' అని నమోదు చేసి శాశ్వతంగా తొలగిస్తాం."

ఆమె ఆ రాత్రి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఏమిటీ వంట అని భర్త అడిగితే, కథ పోవడం కన్నా కింద రెండు ముక్కలు తగిలించుకుని బతకడం నయం కాదా అని ఎదురు అడిగింది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నయమే అన్నాడు, పెరుగు వేసుకుంటూ.

అధోజ్ఞాపికలు నాలుగు రోజుల్లో తయారయ్యాయి. మజ్జిగ వాక్యం కింద ఇలా పెట్టారు: "సోమిదేవమ్మ వయోజన విద్యాభిమాని. అతిథులకు అక్షరాలు గుర్తుపట్టే అవకాశం కల్పించుటకే మజ్జిగను పారదర్శకంగా ఉంచెడిది." పారదర్శకత అన్న మాట ప్రిన్సిపాల్ గారిది. బృందం వాళ్ళకి నచ్చుతుందన్నారు.

"తమ్ముడి పిల్లలొస్తున్నారని వినగానే జంతికల డబ్బా అటక ఎక్కింది, దానధర్మమంటే ఏమిటో ఆ పూట ఎలుకలకి తెలిసొచ్చింది" అనే వాక్యం కింద, "మూగజీవాల పట్ల కరుణ" అని వచ్చింది.

మొగుడి గురించి కథలో, "అబద్ధం చెప్పబోయే ముందు ఆయన గొంతు సవరించుకునేవాడు, సవరించుకోకుండా మాట్లాడటం ఇంట్లో ఎవరూ వినలేదు" అని ఉంటుంది. దాని కింద "ఆయనకు దీర్ఘకాలికమైన జలుబు కలదు" అని రాశారు. ఆ జలుబు సుభాషిణి స్వయంగా పెట్టింది. ఎలాగూ రాస్తున్నాం కదా, క్లుప్తంగానైనా ఉండనీ అనుకుంది.

మళ్ళీ అభిప్రాయ పత్రాలు పంచారు. పంచే ముందు ఇంటర్నల్ మార్కులు ఇంకా వెయ్యలేదని భానోజీరావు క్లాసులో యథాలాపంగా అన్నాడు. అరవై మంది పిల్లలు పాత్రలకి ఐదుకి ఐదు వేశారు. గౌరీశ్వరి రోల్ నంబరున్న ఒక్క పత్రంలో సున్నా ఉంది. కింద ఇలా ఉంది: "ముందు వీళ్ళు చెడ్డవాళ్ళు మాత్రమే. ఇప్పుడు దొంగ మంచివాళ్ళు కూడా అయ్యారు. వాక్యాలు మటుకు ఇప్పటికీ బాగున్నాయి, గీత పైనవి."

పరీక్షలు రాసి పాసయ్యాక గౌరీశ్వరికి యూనివర్సిటీలో తెలుగు ఎమ్మేకి సీటు వచ్చేలా ఉంది. శనివారం సర్టిఫికెట్ల పరిశీలన. అన్నీ ఉన్నాయి. కాలేజీ ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ ఒక్కటే లేదు. అది ప్రిన్సిపాల్ గారి సొరుగులో సంతకం లేకుండా పడి ఉంది. అది లేకపోతే సీటు తరవాతి పేరుకి పోతుంది.

సుభాషిణి ఆ పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళింది.

"సోమిదేవమ్మ వంటి పెద్దావిడ పట్ల కనీస సుహృద్భావం లేని విద్యార్థినికి సత్ప్రవర్తన అని నేనెట్లా ధ్రువీకరించగలను?" అన్నారు వైకుంఠరావు గారు. "అరవై మందికి కలిగిన పరివర్తన ఈ అమ్మాయికి ఎందుకు కలగలేదు?"

"సార్, నాను కథ బాగుందనే రాసేను కదా" అంది గౌరీశ్వరి.

"కథ సంగతి కాదమ్మా. మనుషులు నచ్చాలి. నీ ఒక్కదాని వల్ల సంతృప్తి నూరు శాతం కాకుండా పోయింది. ఆ పెద్దింటి వాతావరణం ఇప్పుడు ఎంత మెరుగుపడిందో స్వదస్తూరితో ఒక పుటకు తగ్గకుండా రాసి తీసుకురా. సర్టిఫికెట్ తీసుకువెళ్ళు."

వరండాలోకి రాగానే సుభాషిణి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "రాసి పారెయ్యవే తల్లీ. ఒక్క కాగితం. నీ సీటు ముఖ్యం గానీ సోమిదేవమ్మ నీకేమైనా పిన్నా, పెద్దమ్మా?"

"రాసీగలను మేడమ్. అరనిమిషం పని." గౌరీశ్వరి చున్నీ కొసని వేలికి చుట్టి విప్పింది. "కానీ రేపు ఎమ్మేలో మళ్ళీ ఈ కథే వస్తే, నాకు ముందు ఏటి జ్ఞాపకమొస్తాది? ఆ వాక్యమా, ఈ కాగితమా? ... మేడమ్, మీరు నమ్మినారా? ఆ జలుబు మాట?"

సుభాషిణి ఆ పిల్ల భుజం మీంచి చెయ్యి తీసేసింది. ఆ జలుబు ఎవరు పెట్టారో ఈ పిల్లకి తెలుసో తెలియదో అడగలేదు.

"పోనీలెండి" అంది గౌరీశ్వరి. "నచ్చినారని మాత్రం రాయను. ఇల్లు ఎలగుందో రాయమన్నారు కదా. ఇల్లే రాస్తాను."

శుక్రవారం పొద్దున్న కాగితం తెచ్చి ముందు సుభాషిణి చేతిలో పెట్టింది. శీర్షిక "మెరుగైన పెద్దిల్లు" అని ఉంది. ఆమె నిలబడే చదివింది.

"ఆ పెద్దింట్లో ఇప్పుడందరూ మంచివాళ్ళే. మంచివాళ్ళని గోడ మీద రాసి ఉంది. ఇంటి యజమాని నవ్వు ఇస్త్రీ చొక్కా లాంటిది; వచ్చినవాళ్ళకి చూపించి, మడత నలక్కుండా మళ్ళీ బీరువాలో పెట్టేసేవాడు. ఆయన తమ్ముడికి లెక్కలొచ్చు. ఇంట్లో ఒకరు ఏడుస్తుంటే అతను మిగతావాళ్ళని లెక్కపెట్టి, సగటున ఈ ఇల్లు చిరునవ్వుతో ఉందని చెప్పేవాడు. దాహమని వచ్చినవాళ్ళకి ఆ ఇంట్లో మంచినీళ్ళకి లోటు లేదు. నాకు దాహం లేదని రాసిస్తే ఇచ్చేవారు."

ఇక్కడిదాకా సుభాషిణి పెదవులు బిగపట్టి చదివింది. తరవాతి వాక్యం దగ్గర ఆగింది.

"ఆ ఇంట్లో ఒక పెద్దావిడ కూడా ఉండేది. పాలు మాడుతున్న వాసన అందరికన్నా ముందు ఆవిడకే తెలిసేది. అందుకే అందరికన్నా ముందు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది."

ఆమె ఆ వాక్యం రెండోసారి చదివింది. చెంప మీద కొట్టినట్టుంది. కొట్టిన చెయ్యి ఎంత పొందికగా ఉందో చూడకుండానూ ఉండలేకపోయింది.

"కోపమొచ్చినాదా మేడమ్?" అంది గౌరీశ్వరి నెమ్మదిగా.

"రాకుండా ఎలా ఉంటుంది?" అంది సుభాషిణి. "కామాలు కూడా సరిగ్గా పెట్టావు. పద."

ప్రిన్సిపాల్ గారు కాగితాన్ని గట్టిగా చదివారు. భానోజీరావు కళ్ళు మూసుకుని విన్నాడు. సుభాషిణి కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇస్త్రీ చొక్కా దగ్గరికి వచ్చేసరికి వైకుంఠరావు గారు ఆగారు.

"ఆహా!" అన్నారాయన. "ఎంత చక్కటి ఉపమానం! మడత నలక్కుండా బీరువాలో పెట్టేసేవాడట. అలాంటి ఘటాలు ఉంటారండీ. మా వియ్యంకుడు అచ్చంగా ఇంతే."

"సగటు అన్న మాట సరైన అర్థంలో వాడింది సార్" అన్నాడు భానోజీరావు తృప్తిగా. "తెలుగు పిల్లల్లో ఇది అరుదు."

"వచనం దివ్యంగా ఉంది. మనుషులు మటుకు..." ప్రిన్సిపాల్ గారు నుదురు చిట్లించారు. "ఏమిటో సుభాషిణి గారూ, ఆ యజమానీ, ఆ తమ్ముడూ నాకు బొత్తిగా నచ్చలేదు. అటువంటి ఇంట్లో మనం ఒక్క పూట ఉండలేం. మీరేమంటారు?"

ఇరవయ్యేడేళ్ళ ఉద్యోగంలో ఆమెకి నోటిదాకా వచ్చిన మాటల్లో అంత మంచి మాట ఇంకోటి లేదు. పిల్ల వంక చూసింది. సొరుగు వంక చూసింది.

"మొదటి వాక్యంలో అందరూ మంచివాళ్ళే అని రాసింది కదండీ" అంది.

"అవునవును. మనకి కావలసింది అదే. మిగిలింది శైలి." ఆయన సొరుగు లాగి సర్టిఫికెట్ తీశారు. నడవడిక అన్న చోట 'అత్యంత సంతృప్తికరం' అని స్వయంగా రాసి, సంతకం పెట్టి, గౌరీశ్వరికి అందించారు. ఆ పిల్ల దాన్ని రెండు చేతులతో తీసుకుని, తడి ఆరేదాకా సంతకం మీద ఊదుకుంటూ నిలబడింది. శనివారం సీటు ఖాయమైంది.

ఆ పిల్ల రాసిన కాగితాన్ని వైకుంఠరావు గారు అద్దాల ఫ్రేము కట్టించి, బృందం రాకముందే తన గది గుమ్మం పక్కన, కంటికి ఆనే ఎత్తులో వేలాడదీయించారు. బృందం వచ్చింది, చూసింది, చాలా బాగుందని రాసి వెళ్ళింది. ఫ్రేము అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు పిల్లలు గంటకీ గంటకీ మధ్య గుంపుగా వచ్చి దాని ముందు ఆగుతున్నారు. చదువుతారు. తలుపులోంచి ఆయన్ని ఒకసారి చూస్తారు. మళ్ళీ చదువుతారు. నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. రోజుకి సగటున నలభై ఇద్దరు ఆగుతున్నారని భానోజీరావు లెక్క తేల్చాడు. కళాశాలలో పఠనాసక్తి గణనీయముగా పెంపొందినది అని ప్రిన్సిపాల్ గారు వార్షిక నివేదికలో చేర్చారు. పిల్లలు తొంగిచూసి నవ్వినప్పుడల్లా ఆయన కూడా తలెత్తి నవ్వుతున్నారు. మడత నలక్కముందే మళ్ళీ ఫైల్లోకి తల దించుకుంటున్నారు.